అధికారపు తొలి దినము

పాఠ్యభాగము: 1 రాజులు 12:1-20

అధికారము చేతికి వచ్చిన తొలి దినమున మనుష్యుడు ఎవరి మాట వినునో, ఆ మాటయే అతని యేలుబడి యంతటికి త్రోవ చూపును. సొలొమోను మరణించిన పిమ్మట అతని కుమారుడైన రెహబాము రాజగుటకై షెకెమునకు వచ్చెను. ప్రజలు అతనిని కాదనలేదు. తండ్రి దినములలో తమపై మోపబడిన కాడి మిక్కిలి బరువైనదనియు, దానిని కొంత తేలిక చేసినయెడల అతనిని సేవించెదమనియు మాత్రమే మనవి చేసిరి. రెహబాము 3 దినములు గడువు అడిగెను. అనుభవజ్ఞులైన పెద్దలు, ముందు నీవు వీరికి సేవకుడవు కమ్ము, వీరు నిన్ను విడువరని హితవు చెప్పిరి. తనతో కూడ పెరిగిన యౌవనులు గర్వోక్తులు నేర్పిరి. చెవికి ఇంపైన మాటనే అతడు ఎన్నుకొనెను. పది గోత్రములు అతనిని విడిచి తమ గుడారములకు వెళ్లిపోయెను. రాజ్యమును చీల్చినది శత్రుసైన్యము కాదు. తొలి దినమున పలికిన ఒక కఠినమైన ప్రత్యుత్తరము.

ప్రియ చదువరులారా, మన దేశములో నేడు కిరీటధారణ లేదు. ఎన్నిక యున్నది, ప్రమాణమున్నది. అయినను షెకెములో వినబడిన మనవి ప్రతి శాసనసభ వాకిట నేటికిని వినబడుచునే యున్నది. 2023 డిసెంబరు 19న ఛత్తీస్‌గఢ్ ఆరవ శాసనసభ తొలి సమావేశము ఆరంభమాయెను. ఆ సభలో స్థానములు 90. వాటిలో 29 షెడ్యూల్డు తెగలకును, 10 షెడ్యూల్డు కులములకును కేటాయింపబడినవి. ఎన్నికైన ప్రతివాడును ఆసీనుడగుటకు ముందు ప్రమాణము చేయవలెనని రాజ్యాంగము 188వ అధికరణము విధించుచున్నది. ప్రమాణము చేయకయే సభలో కూర్చుండిన యెడల దినమునకు 500 రూపాయల అపరాధ రుసుము 193వ అధికరణములో కలదు. రొక్కము స్వల్పమే గాని దాని భావము గొప్పది: మాట ఇయ్యక పీఠము లేదు.

ఆ ప్రమాణములో సభ్యుడు రాజ్యాంగమునకు నిజమైన విధేయత చూపుదుననియు, దేశముయొక్క సార్వభౌమత్వమును సమగ్రతను కాపాడుదుననియు, తాను చేపట్టబోవు విధిని నమ్మకముగా నెరవేర్తుననియు మాట ఇచ్చుచున్నాడు. దైవనామమున ప్రమాణము చేయువారు కొందరు, మనస్సాక్షిపూర్వకముగా ధ్రువపరచువారు కొందరు. ఏ విధముగా పలికినను ఆ మాటను పరలోకము విన్నది.

ఆ విధి యేది? శాసనాధికారము లేక ఏ పన్నును విధింపరాదు. సభ ఆమోదించిన చట్టము లేక రాష్ట్ర నిధినుండి సొమ్ము తీయరాదు. అనగా ప్రజలపై కాడిని బరువు చేయుటయు తేలిక చేయుటయు నిజముగా ఈ సభ్యుల చేతిలో నున్నది. ప్రశ్నలడుగుటకు వారికి హక్కు కలదు. అడుగక మిన్నకుండుట ఆ హక్కును పాతిపెట్టుటయే. అనుమతి లేక 60 దినములు సభకు రాని సభ్యుని స్థానము ఖాళీయైనదని సభ ప్రకటింపవచ్చును. దేహము సభలో నుండి మనస్సు వేరొకచోట నున్నవాని సంగతి యేమి? దానిని లెక్కించువాడు దేవుడొక్కడే.

ఈ సంగతి బిలాస్‌పూరువంటి రైల్వే పట్టణములో సులభముగా బోధపడును. ఆగ్నేయ మధ్య రైల్వేకు కేంద్రమైన ఈ ఊరిలో, ఒకప్పుడు బ్రతుకుతెరువు వెదకుకొనుచు ఉత్తరాంధ్రనుండి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబములు అనేకము కలవు. సింగిల్ లైనుపై టోకెను పద్ధతిని వారు ఎరుగుదురు. టోకెను చేతికి రానిదే డ్రైవరు బండి కదలింపడు. అది ఆ ఒక్క సెక్షనుకే చెల్లును. తరువాతి స్టేషనులో దానిని అప్పగింపవలెను. ఇంటికి కొనిపోవుటకు అది అతని సొత్తు కాదు. అది యతని చేతిలో నున్నంతవరకు వెనుకనున్న పెట్టెలలో నిద్రించువారందరి ప్రాణము అతని మెలకువపై ఆధారపడి యుండును. శాసనసభ్యుని 5 సంవత్సరముల అధికారమును అట్టిదే. సమూయేలు ప్రవక్త వృద్ధాప్యమున ప్రజలయెదుట నిలువబడి, నేనెవరి యెద్దునైనను పట్టుకొంటినా, ఎవనియొద్దనైనను లంచము పుచ్చుకొంటినా అని అడుగగలిగెను (1 సమూయేలు 12:3-5). తన టోకెనును శుద్ధమైన చేతులతో అప్పగించిన సేవకుడతడు.

అయితే ఈ వాక్యము నాయకులను మాత్రమే పరీక్షించుట లేదు. షెకెములో ప్రజలు అడిగినదేమి? అందరి భారము తేలిక కావలెనని. మనము మన ప్రతినిధి గుమ్మమునొద్ద అడుగునదేమి? మన బిడ్డకు వరుస తప్పించి ఉద్యోగము, మన బంధువునకు అర్హత లేని సహాయము, మన సంఘపు తగవులో మన పక్షమునకు పలుకుబడి! అన్యాయమైన కోరికతో అతని వాకిట నిలిచినవాడు, అతని ప్రమాణమును భంగపరచుమని అడిగినవాడే. ఓటరు చేతులు శుద్ధముగా లేనప్పుడు సభ్యుని చేతులు శుద్ధముగా నుండవలెనని కోరుట యెట్లు? పొరుగు రాష్ట్రములో నివసించు తెలుగు విశ్వాసులు తమవారి కొరకు మాత్రమే గాక, కాలువగట్టున గుడిసె వేసికొన్న కూలివాని కొరకును, అడవిలోని గిరిజనుని కొరకును మనవి చేయుదురు గాక. మూగవారి పక్షమున నోరు తెరువుమని సామెతలు 31వ అధ్యాయము బోధించుచున్నది గదా.

మరియు, అధికారులందరి కొరకు ప్రార్థింపుమని పౌలు తిమోతికి వ్రాసిన కాలమున సింహాసనముపై నున్నది క్రైస్తవ మిత్రుడు కాడు (1 తిమోతి 2:1-2). మన ఓటు పొందినవాని కొరకును, మనము ఓడింపగోరి ఓడింపలేనివాని కొరకును సమానముగా మోకరించుట మన విధి. మన నియోజకవర్గ సభ్యుని పేరు కుటుంబ ప్రార్థనలో వారమునకొక్కసారియైనను వినబడుచున్నదా? దూషణలో తరచుగాను ప్రార్థనలో అరుదుగాను ఆ పేరు పలుకబడుచున్న యెడల, మన విధిని మనమును నమ్మకముగా నెరవేర్చుట లేదు.

రాజులకు రాజైన మన ప్రభువు తువాలు కట్టుకొని శిష్యుల పాదములు కడిగెను. రెహబాము త్రోసివేసిన పెద్దల ఆలోచనను ఆయన జీవించి చూపెను. అధికారపు తొలి దినముననే గాక కడపటి దినమునను నిలువగల త్రోవ అదియొక్కటియే.

ప్రార్థన: న్యాయాధిపతివైన దేవా, మా రాష్ట్రముల శాసనసభలలో ప్రమాణము చేసినవారికి వినగల హృదయమును దయచేయుము. వారిని శోధనలోనికి నడిపించు కోరికలనుండి మా పెదవులను కాపాడుము. సేవకుడైన క్రీస్తు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.