ఫ్రీజర్ చల్లబడట్లేదా? మనసు నిలవట్లేదా?

ఫ్రెండ్స్, ఫ్రీజర్ మైనస్ 18 డిగ్రీలకు రాకపోతే వెంటనే నాబ్ ఫుల్‌కి తిప్పేస్తాం. ముందు తలుపు రబ్బరు చూడండి. మధ్యలో కాగితం పెట్టి మూస్తే సులువుగా జారొచ్చిందా? చల్లదనం పోతున్నది అక్కడే. లోపల మంచు గడ్డకట్టిందా? ప్లగ్ తీసి కరగనివ్వండి. కత్తితో గీకితే గ్యాస్ పైపుకి చిల్లు పడొచ్చు. వెనక కాయిల్ మీది దుమ్మూ తుడవండి.

జపంలో మనసు నిలవకపోతే మనం 108ని 1008 చేస్తాం, లేదా "నాకు భక్తి లేదు" అని మానేస్తాం. గీత మూడో అధ్యాయంలో కృష్ణుడు కామాన్ని అద్దం మీది దుమ్ముతో పోల్చాడు. దుమ్ము పట్టిందంతే, అద్దం పాడవలేదు! పక్కన మోగే ఫోనే మన తలుపు సందు. పేరుకున్న కోపం ఆ మంచుగడ్డ, ఓపికతోనే కరగాలి.

ఈ రాత్రి ఫోన్ వేరే గదిలో పెట్టి, 11 సార్లే నామం చెప్పండి. జై శ్రీకృష్ణ!