తల్లీ బిడ్డా క్షేమము – అంతటితో చాలునా?



ఆదివారపు ఆరాధనలో కృతజ్ఞతార్పణ కవరు మీద మనము తరచుగా చూచే మాట ఒకటున్నది: "తల్లీ బిడ్డా క్షేమము." పాస్టరుగారు చదువుతారు, సంఘమంతా స్తోత్రము చెబుతుంది. బయటికి వచ్చాక బాబా, పాపా, బరువెంత, ఎవరి పోలిక అని అడుగుతాము. తల్లిని గూర్చి మాత్రము నార్మలా, ఆపరేషనా అని అడిగి ఊరుకొంటాము. "నీకు ఎలా జరిగిందమ్మా?" అని అడిగేవారు అరుదు. ప్రాణములు దక్కినవి గదా, ఎలా జరిగితేనేమి అనుకొంటాము. ఇది న్యాయమైన ఆలోచనేనా?

చంద్రపూర్ జిల్లాలో బల్లార్‌పూర్ నుండి గోండ్‌పిప్రి వెళ్లే దారిలో కోఠారి అనే ఊరున్నది. ఈ జిల్లాలోని బొగ్గు గనులు, బల్లార్‌పూర్ కాగితపు మిల్లు మన తెలుగువారిని ఎందరినో రప్పించినవి. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలన్నది మన ఆచారము. బల్లార్షాలో రైలెక్కి కాగజ్‌నగర్, మంచిర్యాల, కాజీపేట వైపు వెళ్లిపోవచ్చు. కాని పుట్టింట్లో తల్లి లేని ఆడపిల్ల సంగతేమిటి? రెండవ కాన్పు, మూడవ కాన్పు సంగతేమిటి? అవి ఇక్కడే జరగవలసినవి.

అటువంటి ఒక చెల్లెమ్మను తలంచుకొనండి. నొప్పులు మొదలై ఆసుపత్రిలో చేరినది. భర్త రాత్రి షిఫ్టులో ఉన్నాడు. అత్తగారిని గుమ్మము బయటే ఆపినారు. నర్సు "కళా" వస్తున్నాయా అని మరాఠీలో అడుగుతుంది. మరాఠీలో ప్రసవపు నొప్పులకు అదే పేరు. మనకేమో కళ అంటే ముఖములోని వెలుగు! బజారులో కూరగాయలు కొనడానికి సరిపోయిన మరాఠీ ఆ గదిలో సరిపోదు. తనకేమి చేస్తున్నారో ఆమెకు ఎవరూ చెప్పరు. కేక వేస్తే కసురుతారు. తెల్లవారేసరికి బిడ్డ క్షేమముగా పుట్టినది. ఆమె సంతోషించినది, ఏడ్చినది కూడా. ఇంటికి వచ్చి ఆ రాత్రి మాట ఎత్తబోతే, "బిడ్డ బాగున్నాడు గదా, ఇంకేమి కావాలి?" అన్నారు. ఆమె కృతజ్ఞత లేనిదా? కాదు. బిడ్డ కొరకు స్తుతించడము, తనకు జరిగినదానికి బాధపడడము, రెండూ ఒకే హృదయములో ఉండగలవు.

పెద్దలు కొందరు, "మా అమ్మ కలుపు తీస్తూ కని సాయంత్రానికి వంట చేసినది. ఇప్పటివారికి సుకుమారము ఎక్కువ" అంటారు. ఆ కాలములో ఎందరు తల్లులు పురిటి మంచము మీదనే కన్నుమూసినారో మరచిపోరాదు. ఆ కాలానికి తిరిగి పోదామని ఎవరూ అనరు. అయితే ఆ తల్లులలో చాలామందికి ఉండి మన చెల్లెమ్మకు లేనిది ఒకటున్నది. నడుము రాస్తూ, తన భాషలో ధైర్యము చెబుతూ, ప్రక్కన కూర్చున్న మంత్రసాని.

మరికొందరు, ప్రసవవేదన దేవుడు విధించినది, దానిని తేలిక చేయవలెనని చూడడమేమిటి అంటారు. ఇది పాత వాదమే. 1847లో ఎడిన్‌బరోలో డాక్టరు జేమ్స్ యంగ్ సింప్సన్ ప్రసవమందు క్లోరోఫారము వాడినప్పుడు ఇదే అభ్యంతరము వచ్చినది. ఆయన ఆ సంవత్సరమే లేఖనముల ఆధారముతో దానికి జవాబు వ్రాసినారు. నొప్పి ఉండడము వేరు, నొప్పిలో ఉన్న మనిషిని ఒంటరిగా వదలడము వేరు. రెండవది ఎవరూ విధించినది కాదు, మనము చేసేది.

ఇందుకు ఎదురుగా ఇంకొక పొరపాటున్నది. "ప్రార్థన చేసుకొన్నాను, నార్మల్ అయినది" అని సాక్ష్యము చెప్పడము మంచిదే. కాని వినేవారిలో ఆపరేషను అయిన తల్లి ఉంటుంది. ఆమె ప్రార్థన తక్కువైనదా? 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు ఆపరేషనుతోనే జరిగినవి. అవసరము లేని ఆపరేషన్లు తగ్గవలసినదే. అయితే అది వైద్యులు, ఆసుపత్రులు, కుటుంబములు లెక్క చెప్పవలసిన విషయము. కోత పడిన తల్లిని ఓడిపోయినదిగా చూడడము న్యాయము కాదు.

మరి మంచి కాన్పు అంటే ఏది? 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ విషయము మీదనే మార్గదర్శకములు వెలువరించినది. తల్లికి గౌరవము దక్కాలి, జరుగుతున్నది ఆమెకు అర్థమయ్యేలా చెప్పాలి, ఆమె కోరుకొన్న మనిషి ప్రక్కన ఉండాలి, వైద్యము అవసరమైనప్పుడు కూడా నిర్ణయములో ఆమెకు పాలు ఉండాలి. ఈ లెక్కన ఆపరేషను కూడా మంచి కాన్పు కాగలదు, నార్మల్ కాన్పు కూడా గాయము కాగలదు.

ఇది కేవలము మనస్సుకు సంబంధించినదా? కాదు. 26 పరిశోధనలలో పాల్గొన్న 15,000 మందికి పైగా తల్లుల వివరములను 2017లో కలిపి చూచినారు. ఎడతెగక తోడున్నవారికి నొప్పుల సమయము తగ్గినది, ఆపరేషన్లు తగ్గినవి, కాన్పును గూర్చి చేదు తలంపులు తగ్గినవి. పైగా ఒకసారి అవమానపడిన తల్లి, మరుసటిసారి ఆసుపత్రికి బయలుదేరడానికే వెనుకాడుతుంది. ఆ ఆలస్యము ప్రాణము మీదికి రావచ్చును.

మన పొరుగు జిల్లా గడ్చిరోలిలో డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ దంపతులు పల్లె స్త్రీలకే శిక్షణ ఇచ్చి, ఇంటివద్దనే పసికందులను కాపాడవచ్చునని చూపించినారు. ఆ పని ఫలితములు 1999లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చినవి. బిడ్డల ప్రాణములకు కావలసినది పెద్ద భవనములే కాదు, శిక్షణ పొంది చెంత నిలిచే మనిషి కూడా అని అది నేర్పినది. తల్లి విషయములోనూ ఇంతే.

మనమేమి చేయగలము? 2016లో కేంద్ర ఆరోగ్య శాఖ ప్రభుత్వ ఆసుపత్రులలో కాన్పు సమయమున ఒక స్త్రీ తోడు ఉండవచ్చునని తెలిపినది. ఆమె కాన్పు అనుభవము గలదైతే మేలు, అంటువ్యాధి ఉండరాదు, సిబ్బంది పనికి అడ్డు రారాదు. ఈ సంగతి మన సోదరీమణులలో ఎందరికి తెలుసు? మరాఠీ, తెలుగు రెండూ వచ్చిన పెద్దమ్మలు మన సంఘములలో లేరా? స్త్రీల సమాజము వారు ఇద్దరు ముగ్గురిని సిద్ధపరచి, నెలలు నిండుతున్న తల్లితో ముందుగానే పరిచయము చేసి, ఆసుపత్రివారిని ముందుగానే మర్యాదగా అడిగి ఉంచితే, పుట్టిల్లు దూరమైన బిడ్డకు సంఘమే పుట్టిల్లు అవుతుంది.

అంతకంటె సులువైన పని ఒకటున్నది. దానికి కమిటీ అక్కరలేదు. ఈసారి బాలింతను చూడబోయినప్పుడు బిడ్డను ఎత్తుకొనక మునుపు ఆమె ప్రక్కన కూర్చుని, "నీకు ఎలా జరిగిందమ్మా?" అని అడగండి. ఆమె చెప్పేది సంతోషమైనా, కన్నీరైనా, మధ్యలో మాట అందుకొనక చివరివరకు వినండి.