అతిథియా? గూఢచారియా?

క్రొత్తవానిని జూచి శంకించుట పాపమా? ఈ ప్రశ్నను నవ్వించుచు మన ముందుంచిన చలనచిత్ర మొకటి కలదు. 2012లో గోర్ కిరాకోసియన్ దర్శకత్వమున వెలువడిన 'లాస్ట్ అండ్ ఫౌండ్ ఇన్ ఆర్మేనియా' యందు, ప్రేమభంగముచే ఖిన్నుడైన అమెరికా యువకు డొకడు టర్కీకి విహారార్థము పోయి, ఆకాశవిహారమున ప్రమాదము దటస్థించి, సరిహద్దు కావలి ఆర్మేనియా పల్లెలో బడును. గ్రామస్థులు వానిని గూఢచారి యందురు. ఆంగ్ల మెఱిగిన యువతి యొకతె వానికి దిక్కగును.

గ్రామస్థులను మూఢులని త్రోసివేయుట సులభము. మే మట్లనజాలము. 1915 మొదలు ఆటోమన్ సామ్రాజ్యమున ఆర్మేనియనులు లక్షల సంఖ్యలో హతులైరి. 1993లో టర్కీ ఆర్మేనియాతో గల తన సరిహద్దును మూసివేసెను. అట్టి దిక్కునుండి యూడిపడినవానిని 'నీ వెవడవు?' అని యడుగక యుండు టెట్లు? అడుగుటలో దోషము లేదు; ప్రత్యుత్తరము వినకయే తీర్పు చెప్పుటలో గలదు.

వచ్చినవానికిని ధర్మ మొకటి కలదు. తాను కాలిడిన నేలయొక్క దుఃఖము నెఱుగకుండుట నేరము కాకపోవచ్చును. ఎఱుగ నక్కఱలేదనుకొనుట మాత్రము నేరమే. కావున ఇట్టి కథలో పల్లెవారిని మాత్రమే జూచి నవ్వుట న్యాయము కాదని మా యభిప్రాయము. ఇరువురి యజ్ఞానమును నవ్వదగినదే.

ఆ యువతి చేసిన పని యేమి? వాని మాటను వీరికిని, వీరి మాటను వానికిని దెలిపినది. శంక గలచోట నట్టివా రొక్కరుండిన జాలును. ఎవ్వరును లేనినాడు ఆ పని శంకించినవారిదే యగును.