పర్ణశాలల పండుగ – మన కొత్త ఇళ్లు



కొండాపూర్, గచ్చిబౌలి, నల్లగండ్ల ప్రాంతాల్లో కొత్త ఫ్లాటు కొనుక్కున్నవారు గృహాశీర్వాదానికి గురువును పిలుస్తారు. ప్రార్థన ముగిసి, గదులన్నిటా పవిత్రజలం చల్లాక, చివరకు బాల్కనీలోకి తీసుకువెళ్లి, "ఫాదర్‌గారూ, ఇక్కణ్ణుంచి చూడండి" అంటారు. ఎదురుగా అద్దాల మేడలు మెరుస్తుంటాయి. కాస్త తల వంచి చూస్తే, పక్కన లేస్తున్న మరో భవనం ప్రహరీ వెంట రేకుల షెడ్లు, నీలిరంగు పట్టాలు కప్పిన గుడిసెలు కనిపిస్తాయి. మన ఇంటిని కట్టిన కూలీలు కూడా ఇటువంటి షెడ్లలోనే తలదాచుకొని ఉంటారు. ఈ మేడను, ఆ గుడిసెను ఒకే చూపులో చూడమని నేర్పే పండుగ ఒకటి పాత నిబంధనలో ఉంది. అదే పర్ణశాలల పండుగ. హెబ్రీ భాషలో సుక్కోత్.

ఇశ్రాయేలు ప్రజలు ఏటా మూడు పండుగలకు దేవుని సన్నిధికి రావాలని ధర్మశాస్త్రం ఆదేశించింది. మొదటిది పాస్క, రెండవది వారాల పండుగ, మూడవది పర్ణశాలల పండుగ. పాస్క మనకు క్రీస్తునాథుని పునరుత్థాన మహోత్సవంలో నెరవేరింది. వారాల పండుగనాడు పవిత్రాత్మ దిగివచ్చి, అది మనకు పెంతెకోస్తు అయింది. మూడవ పండుగకు మాత్రం మన పూజా పంచాంగంలో అటువంటి ప్రత్యేక దినం లేదు. అందుకే మనలో చాలామందికి దాని సంగతి తెలియదు. యూదులు మాత్రం నేటికీ సెప్టెంబరు-అక్టోబరు మాసాల్లో, అంటే మన బతుకమ్మ, దసరా రోజులకు అటూ ఇటూగా, ఏడు దినాలు దీనిని ఆచరిస్తారు. మన తెలుగునాట కూడా గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో యూదు ధర్మాన్ని పాటించే బెనే ఎఫ్రాయిం అనే చిన్న సమాజం ఉంది.

ఇది పంట ఇంటికి చేరిన పండుగ. ధాన్యం కళ్లం దాటింది, ద్రాక్షరసం గానుగ దాటింది, గాదె నిండింది. సరిగ్గా అప్పుడే దేవుడు ఒక వింత ఆజ్ఞ ఇచ్చాడు. నిండిన ఇంటిని విడిచి, ఏడు దినాలు కొమ్మలతో, ఆకులతో వేసిన పర్ణశాలల్లో నివసించమన్నాడు. మన రైతులు చేలో వేసుకునే మంచెను, కావలి గుడిసెను గుర్తు చేసుకోండి. దాదాపు అలాంటిదే. దాని కప్పు సందుల్లోంచి నక్షత్రాలు కనబడాలని యూదుల సంప్రదాయం. గాలి వీస్తే ఆ గాలి, చినుకు పడితే ఆ చినుకు లోపలివారికి తగలవలసిందే.

ఎందుకీ ఆజ్ఞ? లేవీయకాండం 23వ అధ్యాయం కారణం చెబుతుంది. ఐగుప్తునుండి విడిపించి తెచ్చినప్పుడు దేవుడు తమ పితరులను పర్ణశాలల్లో నివసింపజేశాడని తరతరాల బిడ్డలకు తెలియాలి. ఆకలిగా ఉన్నప్పుడు దేవుణ్ణి తలచుకోవడం తేలిక. కడుపు నిండి, మంచి ఇల్లు కట్టుకున్నాక, ఇదంతా నా చేతి బలమే అనిపిస్తుంది. ద్వితీయోపదేశకాండం 8వ అధ్యాయం హెచ్చరించేది ఈ మరపును గురించే.

సోదరులారా, ఇది మన సంగతి కాదా? 1998లో నాటి ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించే నాటికి మాదాపూర్ చుట్టూ చాలామేర రాళ్లగుట్టలు, ఖాళీ భూములే. ఆ తరువాత పాతికేళ్లలో ఇక్కడ ఎందరి ఇళ్లు నిండాయో లెక్క లేదు. మన కుటుంబాల్లో ఎందరి తాతలు తాటాకు ఇళ్లలో పుట్టలేదు? ఎందరి తండ్రులు మిషన్ బడిలో, బోర్డింగులో అన్నం తిని చదువుకోలేదు? ఆ గుడిసెను పిల్లలకు చెప్పడానికి సిగ్గుపడితే, దేవుడు మనకు చేసిన మేలును దాచిపెట్టినట్టే. ఒక్క ఉత్తరంతో ఉద్యోగం పోవచ్చని కంపెనీల్లో పనిచేసే మన బిడ్డలకు తెలుసు. ఇంటి అప్పు వాయిదా మాత్రం ఆగదు. అందుచేత ఫ్లాటు కూడా ఒక పర్ణశాలే. మనల్ని కాపాడేది దాని కాంక్రీటు కాదు, దానిని ఇచ్చిన దేవుడు.

ఈ పండుగలో మరో ఆజ్ఞ ఉంది. ఆనందించమని. యూదుల ప్రార్థనల్లో దీని పేరే ఆనందకాలం. అయితే ఎవరితో కలిసి ఆనందించాలి? ద్వితీయోపదేశకాండం 16వ అధ్యాయం ఒక్కొక్కరినే లెక్కపెడుతుంది. కుమారుడు, కుమార్తె, దాసుడు, దాసి, లేవీయుడు, పరదేశి, అనాథ, విధవ. అంటే పనివారూ, పరాయివారూ లేని విందు దేవుని దృష్టిలో పండుగే కాదు.

2020 మే 1వ తేదీ గుర్తుందా? శ్రీసభ శ్రామికుడైన యోసేపు పండుగ జరుపుకునే రోజు. కరోనా లాక్‌డౌన్‌లో "ఇంట్లోనే ఉండండి" అని దేశమంతటికీ చెప్పారు. షెడ్డులో ఉన్నవానికి ఇల్లేది? ఆ తెల్లవారుజామున మన లింగంపల్లి స్టేషన్ నుండి జార్ఖండ్‌లోని హటియాకు దేశంలోనే తొలి శ్రామిక్ రైలు బయలుదేరింది. సంగారెడ్డి జిల్లా కందిలో నిర్మాణపు పని చేస్తున్నవారు సుమారు 1,200 మంది అందులో వెళ్లారు. వారు ఇక్కడ ఉన్నన్నాళ్లు మనం వారిని చూశామా? ఆ ప్రాంతాలనుండి వచ్చే కూలీలలో కతోలికులు కూడా ఉన్నారు. తెలుగు రాక, మన పూజలో వెనుక వరుసలో నిలబడి మౌనంగా వెళ్లిపోయేవారు మన సహోదరులే.

క్రీస్తునాథుడు ఈ పండుగకు యెరూషలేముకు వెళ్లాడని యోహాను సువార్త 7వ అధ్యాయం చెబుతుంది. ఆ దినాల్లో యాజకులు సిలోయము కోనేటినుండి నీరు తెచ్చి పీఠంపై పోసేవారు. పండుగ చివరి దినాన ప్రభువు నిలబడి, దప్పిగొన్నవారందరినీ తన దగ్గరకు పిలిచాడు. వేసవిలో ట్యాంకరు కోసం ఎదురుచూసే మనకు ఆ పిలుపు విలువ అర్థమవుతుంది. వాక్కు మానవుడై మన మధ్య నివసించాడని చెప్పేచోట కూడా అదే సువార్త, గుడారం వేసుకున్నాడనే అర్థంగల గ్రీకు మాటను వాడింది. దివ్యసత్ప్రసాదం ఉంచే మందసానికి లాటిను పేరు తబెర్నాకులుం. ఆ మాటకూ గుడారమనే అర్థం. దేవుడే గుడారవాసి అయినప్పుడు, గుడారంలో ఉన్నవాణ్ణి మనం చిన్నచూపు చూడగలమా?

మనం యూదుల ఆచారాన్ని అనుకరించనక్కరలేదు. మన విశ్వాసం ఆ వేరునుండి మొలిచిందని 1965లో రెండవ వాటికన్ మహాసభ గుర్తు చేసింది. ఆ వేరు నేర్పే పాఠాన్ని నేర్చుకుందాం. ఈసారి గృహాశీర్వాదం జరిగితే, బంధువులతోపాటు మేస్త్రీని, కూలీలను, వాచ్‌మన్ కుటుంబాన్ని పిలవండి. విడిగా పొట్లాలు కట్టి పంపకండి, అదే పంక్తిలో కూర్చోబెట్టండి. ఒక సాయంత్రం టీవీ, ఫోన్లు కట్టేసి పిల్లలతో డాబామీదికి వెళ్లి, నక్షత్రాల కింద అమ్మమ్మచేత, తాతయ్యచేత వారి మొదటి ఇంటి కథ చెప్పించండి. విచారణలోని యువకులు పక్కనున్న షెడ్లకు వెళ్లి, తాగునీరు ఉందా, పిల్లలు బడికి వెళుతున్నారా, కూలి సరిగా అందుతున్నదా అని అడగండి.

కొండమీద ప్రభువు మహిమను చూసి పేతురు అక్కడే పర్ణశాలలు కడతానన్నాడు. ప్రభువు ఒప్పుకోలేదు. శిష్యులను వెంటబెట్టుకొని కిందికి దిగాడు. కింద జబ్బుపడిన కొడుకుతో ఒక తండ్రి ఎదురుచూస్తున్నాడు. మన మేడల కింద కూడా ఎవరో ఎదురుచూస్తున్నారు. వారి దగ్గరకు దిగివెళ్లే మనసును ప్రభువు మనకందరికీ దయచేయునుగాక. ఆమెన్.