నీళ్లు వదిలే మనిషి

2011 అక్టోబరులో ప్రపంచ బ్యాంకు మరికొన్ని సంస్థలతో కలిసి బెంగళూరు, నైరోబీ, లిమా, లండన్ మొదలైన పది నగరాలలో ఒకేసారి ఒక పోటీ నిర్వహించింది. కంప్యూటర్ ప్రోగ్రాములు వ్రాసే యువతీయువకులు ఒకచోట కూర్చుని మంచినీటి సరఫరాలోని చిక్కులకు సాఫ్ట్‌వేర్ ద్వారా పరిష్కారం వెదకాలి. ఇటువంటి పోటీలు ఇప్పుడు మన కాలేజీలలోనూ జరుగుతున్నాయి. మన విచారణల బిడ్డలు కూడా వెళుతున్నారు. సంతోషమే.

పేదల దాహాన్ని బహుమతుల ఆటగా మార్చడం తగునా అని కొందరు పెద్దలు అడుగుతారు. బహుమతిలో నాకు దోషం కనిపించదు. ఆ పోటీలో ఎవరి కష్టాన్ని లెక్కలోకి తీసుకోలేదన్నదే అడగవలసిన ప్రశ్న.

కర్ణాటకలోని హుబ్బళ్ళి-ధారవాడ సంగతి చూడండి. అక్కడ చాలా వీధులకు కొన్ని రోజులకొకసారి కొద్ది గంటలు మాత్రమే కుళాయి వచ్చేది. ఎప్పుడు వస్తుందో తెలియక ఆడవాళ్లు పని మానుకుని బిందెలతో కాచుకుని ఉండేవారు. నెక్స్ట్‌డ్రాప్ అనే సంస్థ ఒక చక్కని ఉపాయం కనిపెట్టింది. వాల్వు తిప్పే ఉద్యోగి ఫోను చేసి చెబితే, ఆ వీధివారందరికీ సెల్‌ఫోనులో కబురు అందుతుంది. 2011లో ఈ ఉపాయానికి అమెరికాలోని నైట్ న్యూస్ ఛాలెంజ్ పోటీలో 3,75,000 డాలర్లు లభించాయి.

తరువాత అదే ఏర్పాటును బెంగళూరులోనూ పెట్టారు. పరిశోధకులు దాన్ని పరీక్షించి 2018లో ఫలితాలు ప్రకటించారు. ఇళ్లవారికి కలిగిన మేలు స్వల్పమే. చాలామంది వాల్వుమెన్ సకాలంలో కబురు పంపలేదు. ఇది సోమరితనమని తీర్పు చెప్పడం తేలిక. కాని వారితోపాటు తిరిగి చూసినవారు, కుటుంబ బాధ్యతలు, ఆర్థిక ఇబ్బందులు అడ్డుపడ్డాయని వ్రాశారు. యంత్రం బాగానే ఉంది. దానికి నిజం చెప్పవలసిన మనిషి నెత్తిమీద మాత్రం మరొక పని పడింది.

దాహంగొన్నవానికి గ్రుక్కెడు చన్నీళ్లు ఇచ్చినవాని ప్రతిఫలం పోదని ప్రభువు సెలవిచ్చారు. పట్టణంలో ఆ నీళ్లు ఇచ్చేవాడెవరు? తెల్లవారకముందే ఇనుప చువ్వ పట్టుకుని వీధివీధికీ తిరిగేవాడు కదా! దివంగత ఫ్రాన్సిసు జగద్గురువులు 2015లో వ్రాసిన ‘లౌదాతో సి’ విశ్వలేఖలో సురక్షితమైన త్రాగునీరు ప్రతి మనిషి హక్కు అన్నారు. శ్రమించే మనిషి గౌరవాన్ని గురించి కూడా అదే లేఖలో వ్రాశారు. మొదటి మాటను మనం తరచు చెప్పుకుంటాం, రెండవదాన్ని అంతగా తలచుకోం.

మీ ఇంటి బిడ్డ ఇటువంటి పోటీకి పేరు ఇస్తే, కంప్యూటరు ముందు కూర్చోకముందే ఒక ఉదయం మీ వీధికి నీళ్లు వదిలే అతనితో కలిసి తిరిగి రమ్మనండి. అతడు ఎన్నింటికి లేస్తాడో, ఎన్ని వాల్వులు తిప్పుతాడో, ఇంటికి ఎంత తీసుకుపోతాడో అడగమనండి. ముందుగా అతని పేరు అడగాలి. అది మనలో చాలామందికి తెలియదు.