పాత బండి బేరం – దాచిన లోపం

కొత్త మోటారు సైకిలు రోడ్డెక్కే సరికి లక్ష రూపాయలకు దగ్గరవుతున్న ఈ రోజుల్లో మన సామాన్య కుటుంబాలు ఎక్కువగా సెకండ్ హ్యాండ్ బండివైపే చూస్తున్నాయి. పల్లెలు తిరిగి బట్టలు అమ్ముకునే సోదరుడు, తాపీ పనికి పొరుగూరు వెళ్ళే మేస్త్రీ, కొడుకును కాలేజీలో చేర్చిన తండ్రి, వీరందరిదీ అదే దారి. ఆ ముప్పై, నలభై వేలు చాలా ఇళ్ళల్లో ఒకేసారి చేతికి వచ్చిన డబ్బు కాదు. కొన్ని ఇళ్ళల్లో అది తల్లి కమ్మలు అమ్మిన డబ్బు. కనుక ఈ బేరాన్ని మనం చిన్న విషయంగా చూడకూడదు.

ఈ బేరంలో తరచూ దాగిపోయే మాట ఒకటుంది. అది ఇంజను విప్పిన సంగతి. బండి ఏళ్ళ తరబడి తిరిగితే లోపల సిలిండరు, పిస్టను, రింగులు అరిగిపోతాయి. ఆయిలు పైకి ఎక్కి పెట్రోలుతో పాటు కాలుతుంది. సైలెన్సరు నుంచి నీలి రంగు కలిసిన పొగ వస్తుంది, బండికి లాగే శక్తి తగ్గుతుంది. అప్పుడు మెకానిక్ ఇంజను విప్పి, సిలిండరును లేతు షాపుకు పంపి, పావు మిల్లీమీటరో అర మిల్లీమీటరో బోరు పెద్దది చేయించి, ఆ కొలతకు తగిన కొత్త పిస్టను, రింగులు వేస్తాడు. ఈ పని నిజాయితీగా జరిగితే ఆ బండి మళ్ళీ కొన్నేళ్ళు హాయిగా నడుస్తుంది. కానీ అమ్మడానికే చేయించే పని వేరుగా ఉంటుంది. సిలిండరు ముట్టుకోకుండా రింగులు మాత్రం మార్చి, పైన రంగు వేసి, ఆ పూటకు చిక్కటి ఆయిలు పోస్తారు. కొనేవాడు వచ్చేలోగా బండిని కాసేపు తిప్పి వేడి చేసి ఉంచుతారు, ఎందుకంటే చల్లటి ఇంజనును స్టార్ట్ చేస్తే లోపం బయటపడవచ్చు. ఆపైన, ఇంజను ఇప్పటిదాకా ఎవరూ విప్పలేదని ఒట్టు కూడా వేస్తారు!

ఇంజను విప్పి బాగు చేయించడం షరీఅతు దృష్టిలో లోపమా? చాలామంది ఇక్కడే తికమక పడతారు. హనఫీ ఫిఖహ్ గ్రంథం ఖుదూరీలో దీనికి సులువైన కొలబద్ద ఉంది. వ్యాపారుల వాడుకలో ఏ విషయం వల్ల వస్తువు ధర తగ్గుతుందో అది లోపం కిందకే వస్తుంది. ఒకే ఏడాదివి, ఒకే రంగువి రెండు బండ్లు పక్కపక్కన పెట్టండి. ఒకటి ఇంజను విప్పనిది, రెండోది బోరింగు చేయించినది. రెండింటికీ ఒకే ధర పలకదు. అంటే ఆ సంగతి కొనేవాడికి చెప్పి తీరాలి. బాగా చేయించిన పని అయితే చెప్పడానికి సంకోచం దేనికి? ఎప్పుడు చేయించారో, ఏం మార్చారో చెప్పి, బిల్లు ఉంటే చూపించవచ్చు. అలా చెప్పినవాడి బండిని నమ్మి కొనేవారు ఉంటారు.

దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం) ఒకసారి బజారులో ధాన్యపు రాశి దగ్గర ఆగి అందులో చేయి పెట్టారు. లోపలి గింజలు తడిగా తగిలాయి. అడిగితే వర్షంలో తడిసిందని వ్యాపారి చెప్పాడు. అలాగైతే జనానికి కనబడేలా తడి గింజలను పైన ఎందుకు పెట్టలేదని ఆయన (స) ప్రశ్నించారు. మోసగించేవాడికి తనతో సంబంధం లేదని హెచ్చరించారు. సహీహ్ ముస్లింలో ఉన్న ఈ హదీసు మనందరం విన్నదే. అయితే ఒక్క సంగతి గమనించండి. వర్షం కురవడం ఆ వ్యాపారి తప్పు కాదు. ధాన్యం తడిసినందుకు ఆయన (స) అతణ్ణి మందలించలేదు. తడిని అడుగున పెట్టినందుకు మందలించారు. ఇంజను అరగడం కూడా అంతే, నడిచే బండి అరుగుతుంది. ఆ అరుగుదల మీద రంగు పూసి చూపించడమే మన పద్దులో రాయబడుతుంది.

మేకకు, ఒంటెకు రెండు మూడు రోజులు పాలు పిండకుండా పొదుగు కట్టి, నిండుగా కనబడేలా చేసి అమ్మడాన్ని కూడా ఆయన (స) నిషేధించారు. అలా మోసపోయిన వ్యక్తికి దాన్ని ఉంచుకునే, తిప్పి ఇచ్చే స్వేచ్ఛనిచ్చారు. దాని అమలు వివరాల్లో ఇమాముల మధ్య అభిప్రాయభేదాలున్నా, అది మోసమన్న విషయంలో లేవు. చిక్కటి ఆయిలు పోసి పొగను ఆ పూటకు ఆపడానికీ, పొదుగు కట్టడానికీ తేడా మాకైతే కనిపించదు.

ఇక్కడ కొందరు, అతను అడగలేదు కాబట్టి మేం చెప్పలేదంటారు. మరికొందరు ఇంకాస్త తెలివిగా, చూసుకుని తీసుకో, రేపు నాకు సంబంధం లేదని ముందే అనేసి చేతులు దులుపుకుంటారు. లోపాల బాధ్యత తనది కాదనే షరతుతో అమ్మడాన్ని హనఫీ ఉలమాలు అనుమతించిన మాట నిజమే. కానీ తెలిసిన లోపాన్ని కావాలని దాచడానికి ఆ షరతు ముసుగు కాదు. ఇమామ్ మాలిక్ (రహ్మలై) తమ మువత్తాలో ఒక సంఘటన ఉల్లేఖించారు. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) ఇలాంటి షరతుతోనే ఒక బానిసను 800 దిర్హములకు అమ్మారు. అతనికి జబ్బు ఉందని, తనకు చెప్పలేదని కొన్న వ్యక్తి ఫిర్యాదు చేశాడు. తగవు ఖలీఫా హజ్రత్ ఉస్మాన్ (రజి) దగ్గరకు వెళ్ళింది. అమ్మేనాటికి ఆ జబ్బు సంగతి తనకు తెలియదని ప్రమాణం చేయమని ఆయన తీర్పు చెప్పారు. ఇబ్నె ఉమర్ (రజి) ప్రమాణం చేయడానికి ఇష్టపడక అతణ్ణి తిరిగి తీసుకున్నారు. తర్వాత అతను కోలుకుంటే 1500 దిర్హములకు అమ్మారు. తీర్పు దేని మీద నిలిచిందో చూశారా? షరతు పెట్టావా అని కాదు, నీకు తెలుసా అని.

బండి మెకానిక్ చేతిలో అసలు అమానతు ఉంది. మన పట్టణాల్లో ఈ పనిలో మన సోదరులు చాలామందే ఉన్నారు, అందుకే ఈ మాట కాస్త గట్టిగా చెప్పుకోవాలి. కొనేవాడు బండి తెచ్చి, అన్నా కాస్త చూసి చెప్పు అంటాడు. అతనికి ఇంజను లోపలి సంగతి తెలియదు, మెకానిక్ మీదే నమ్మకం. అదే బండికి నెల క్రితం రింగులు వేసింది ఆ మెకానికే! అమ్మేవాడు ఇచ్చే ఐదు వందల కోసం, బండి బాగుంది తీసుకో అంటాడు. సలహా అడగబడిన వ్యక్తి అమానతుదారుడని హదీసు చెబుతోంది. ఆ ఐదు వందలు సలహాకు కూలి కాదు, మౌనానికి లంచం. స్నేహితుడు చవకగా కొనాలని మంచి బండికి లేని వంకలు పెట్టే మెకానిక్ కూడా అమ్మేవాడి పట్ల అంతే అన్యాయం చేస్తున్నాడు.

ఇమామ్ గజాలీ (రహ్మలై) ఇహ్యా ఉలూమిద్దీన్‌లో సహాబీ హజ్రత్ వాసిలా బిన్ అస్ఖా (రజి) ఉదంతం పేర్కొన్నారు. ఒక వ్యక్తి 300 దిర్హములకు ఒంటెను అమ్మాడు. వాసిలా (రజి) అక్కడే ఉన్నారు గానీ పరధ్యానంలో ఉండిపోయారు. కొన్నవాడు ఒంటెను తోలుకుపోతుంటే వెనుక పరుగెత్తి, మాంసానికి కొన్నావా, స్వారీకా అని అడిగారు. స్వారీకే అన్నాడతను. దాని కాలి గిట్టలో రంధ్రం ఉంది, ఆగకుండా నడిచే ప్రయాణానికి తట్టుకోదని చెప్పారు. అతను వెనక్కి వచ్చాడు, అమ్మినవాడు 100 దిర్హములు తగ్గించాల్సి వచ్చింది. నా బేరం చెడగొట్టావని నిష్ఠూరమాడాడు కూడా. ఆ ఒంటె వాసిలా (రజి) గారిది కాదు, బేరం ఆయనది కాదు, ఎవరూ ఆయన్ని అడగలేదు కూడా. అయినా లోపం తెలిసినవాడు చెప్పకుండా ఉండడం ధర్మసమ్మతం కాదన్నారు.

ఆయన మొదట అడిగిన ప్రశ్న మన మెకానిక్ సోదరులు నేర్చుకోదగినది. ఊళ్ళో దుకాణానికి, ఇంటికి తిరిగే మనిషికి సరిపోయే బండి, రోజూ హైవే మీద వంద కిలోమీటర్లు వెళ్ళేవాడికి ప్రాణాంతకం కావచ్చు. ఆయిలు తాగే ఇంజను దూరప్రయాణంలో వేడెక్కి పిస్టను పట్టేస్తే, పరుగులో ఉన్న బండి వెనుక చక్రం ఒక్కసారిగా బిగుసుకుపోగలదు. అప్పుడు పోయేది డబ్బు మాత్రమే కాదు.

కొనేవాడి మీదా బాధ్యత ఉంది. భర్త చనిపోయాక వాకిట్లో ఊరికే పడి ఉన్న బండిని అమ్మడానికి ఒక స్త్రీ సిద్ధపడితే, ఆమెకు ధర తెలియదని సగానికి అడిగేవారున్నారు. (ఆ బండి వారసులందరి ఆస్తి అన్న సంగతి ఇంట్లోవారు కూడా మరవరాదు.) హజ్రత్ జరీర్ బిన్ అబ్దుల్లాహ్ (రజి) కోసం సేవకుడు 300 దిర్హములకు గుర్రాన్ని బేరమాడి తెచ్చాడు. జరీర్ (రజి) గుర్రాన్ని చూసి, ఇది అంతకంటే ఎక్కువ విలువైనదని యజమానికి తామే చెప్పి, ధర పెంచుతూ పోయి చివరకు 800 దిర్హములు ఇచ్చారు. ప్రతి ముస్లిం మేలు కోరతానని దైవప్రవక్త (స)కు ప్రమాణం చేశానన్నదే ఆయన చెప్పిన కారణం.

కొనే ముందు జాగ్రత్త పడడం అనుమానించడం కాదు. ఉదయం పూట, ఇంజను చల్లగా ఉండగా బండి చూడండి. ఇంజను ఎప్పుడు విప్పారు, బోరు ఎంత అని సూటిగా అడగండి. ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు ఆర్‌సీతో సరిపోల్చుకోండి. బేరాల్లో తరచూ మోసపోయే ఒక సహాబీకి మోసం లేదనే మాట ముందే అనమని దైవప్రవక్త (స) నేర్పారు, మూడు రోజుల గడువు కూడా ఇచ్చినట్లు ఉల్లేఖనాల్లో ఉంది. మనం కూడా నచ్చకపోతే మూడు రోజుల్లో తిప్పి ఇస్తామన్న షరతును కాగితం మీద రాసుకోవచ్చు. పేరు మార్పిడి వాయిదా వేయకండి. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం అదే రాష్ట్రంలో అయితే అమ్మినవాడు 14 రోజుల్లో, కొన్నవాడు 30 రోజుల్లో రవాణా కార్యాలయానికి తెలియజేయాలి. రికార్డులో ఎవరి పేరుంటే ప్రమాద పరిహారానికి వారే యజమాని అని సుప్రీంకోర్టు 2018లో తీర్పు ఇచ్చింది.

ఇప్పటికే లోపం దాచి అమ్మేసిన సోదరుడు ఏం చేయాలి? ఇస్తిగ్ఫార్ ఒక్కటే చాలదు, ఇది సాటి మనిషి హక్కు. కొన్నవాడి దగ్గరకు వెళ్ళి ఉన్న సంగతి చెప్పాలి. అతను తిప్పి ఇస్తానంటే బండి తీసుకుని డబ్బు ఇవ్వాలి, ఉంచుకుంటానంటే ధరలోని తేడాను మాట్లాడుకుని తీర్చాలి. ఎంత వెతికినా అతని జాడ తెలియకపోతే ఆ తేడా సొమ్మును అతని తరఫున పేదలకు ఇవ్వాలి, తర్వాత ఎప్పుడైనా కనబడితే చెప్పాలి. చేతిలో డబ్బు లేకపోతే అది అప్పు. నెలకు ఐదు వందల చొప్పున తీరుస్తానని అడిగితే, చాలామంది ఒప్పుకుంటారు.