రంగు చెప్పు నిజము

1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ భిలాయి ఉక్కు కర్మాగారమున తొలి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించిరి. అచట కాగిన ఇనుము ఎరుపు, నారింజ, తెలుపు వన్నెలలో తన వేడిని తానే చెప్పును. ఆ రంగు ఎవరును పూసినది కాదు.

ఆ ఊరి అంగడిలో రంగు వర్తకుడు ఎంచినది. వస్తువును పరీక్షింపకమునుపే అది కొనువాని మనస్సును లాగును. అంతమాత్రమున దానిని మోసమనరాదు. రంగు హెచ్చరికయు కాగలదు. నేతి పేరిట అమ్ముడుపోకుండ వనస్పతికి రంగు కలుపవలెనని స్వాతంత్ర్యానంతరము దేశమున గట్టి వాదము సాగినది. ఆ రంగు రాలేదు. కల్తీని పట్టుటకు వనస్పతిలో నువ్వులనూనె కలుపుట నియమమైనది. ఆ నూనె పరీక్షనాళికలో రసాయనము సోకినప్పుడు మాత్రమే ఎర్రని వన్నెతో బయటపడును.

డబ్బాపై రంగు అందరి కన్నులకు; నిజము చెప్పు రంగు ప్రయోగశాలకు. ఆకర్షించుటలో దోషము లేదు. హెచ్చరింపవలసిన రంగును కొనువాని కంటికి అందనీయకుండుటయే దోషము.